ఇంకా తేల్చుకోలేదు

ప్రపంచ క్రీడోత్సవాన్ని తమ ఊళ్ళోనే జరిపించాలని నగర పాలక మండలికి బుద్ధి పుట్టేనాటికి, ఊళ్ళో సగం కుళాయిలకు నీళ్ళు సరిగ్గా రావడం లేదు. ఆ సంగతి సభలో ఎవరో ఎత్తితే, ఉత్సవం వస్తే నీళ్ళూ వస్తాయని మేయరు గారు సెలవిచ్చారు. బల్లలు చరిచారు, తీర్మానం నెగ్గింది. పోటీలో మరో నాలుగు నగరాలున్నాయి. ఎవరికివ్వాలో తేల్చే అంతర్జాతీయ సంఘం వారు ఒక షరతు పెట్టారు: మీ జనానికి ఇది ఇష్టమో కాదో ఇంటింటినీ అడిగి, ఆ జవాబులు పంపండి.

అడగడానికని పాలక మండలి భవనం మూడో అంతస్తులో, విరిగిన కుర్చీలు పడేసే హాలు ఖాళీ చేసి తొమ్మిది ఫోన్లు పెట్టారు. ఒక్కో విభాగం, తనకు పోయినా ఫరవాలేదనుకున్న మనిషిని ఒక్కొక్కరిని పంపింది. జనన మరణాల విభాగం ఆమెను పంపింది. యాభై ఒక్క ఏళ్ళు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం తప్పు కట్టలో పెట్టి ఎరగదు. అందుకే తోటివాళ్ళు ఆమెకు రూలుబుక్కు అని పేరు పెట్టారు. చాటుగానే పెట్టారనుకోండి, కానీ ఆఫీసులో చాటు ఎక్కడుంది? ఆమె చెవిన పడనే పడింది. కోపం రాలేదు. ఆ పేరుతోనైనా తన గురించి నలుగురూ ఒక మాట అనుకుంటున్నారు కదా అనిపించింది.

పని సులువే. కాగితం మీద మూడు గడులు: అవును, కాదు, ఇంకా తేల్చుకోలేదు. మొదటి రెండింట్లో టిక్కు పడితే ఆ నంబరు జోలికి మళ్ళీ పోకూడదు. మూడోదాంట్లో పడితే సరిగ్గా వారానికి, అదే వేళకు, అదే గుమాస్తా మళ్ళీ ఫోను చెయ్యాలి. అలా ఎన్ని వారాలు చెయ్యాలో మాత్రం రూలు రాసినాయన రాయలేదు. ఆటల గురించి ఒక మనిషి రెండు వారాలకు మించి తర్జనభర్జన పడతాడని ఆయనకు తట్టి ఉండదు.

రోజుకు అరవై ఫోన్లు. అరవైలో నలభై మంది ఆమె మాట పూర్తికాకుండానే పెట్టేసేవారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి గది తాళం తీశాక ఆమెతో ఆ మాత్రం మాట్లాడేవాళ్ళు కూడా లేరు. తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. తమ్ముడు వేరే ఊళ్ళో ఉన్నాడు, నెలకో ఆదివారం ఫోను చేసి, "బాగున్నావా అక్కా? సరే, ఉంటా మరి" అంటాడు. మంచివాడే. ఆ రెండు ముక్కల మధ్య ఇంకేమైనా చెబుదామని ఆమె ఎప్పుడూ అనుకుంటుంది, ఈలోపు ఫోను పెట్టేస్తాడు. ఒక్కోసారి ఆమె అన్నం వండుకుంటూ, "ఉప్పు వేశానా?" అని పైకే అడిగి, తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఊరుకుంటుంది.

ఒక మంగళవారం పదకొండు గంటలకు, జాబితాలో వచ్చిన తర్వాతి నంబరు తిప్పింది.

"నమస్కారమండి. నగర పాలక మండలి నుంచి చేస్తున్నాం. ప్రపంచ క్రీడోత్సవం మన ఊళ్ళో జరగడం మీకు ఇష్టమేనా? అవును, కాదు, ఇంకా తేల్చుకోలేదు. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

"మెల్లిగా అమ్మాయీ, మెల్లిగా. ముందు నన్ను కూర్చోనీ." ముసలి గొంతు. కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఊఁ. ఇప్పుడు చెప్పు. ఆ స్టేడియానికి లిఫ్టులెన్ని?"

యాభై ఒకటో ఏట తనను ఒకరు అమ్మాయీ అని పిలిచారు. "నాకు తెలీదండి."

"ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టు నడిపానమ్మా, పెద్ద బట్టల షాపులో. అందుకని అడిగా. నువ్వు కనుక్కుని చెప్పు, నేను తేల్చుకుంటా."

రూలు ప్రకారం మూడో గడిలో టిక్కు పెట్టింది. రూలు ప్రకారం వచ్చే మంగళవారం పదకొండింటికి ఫోను చెయ్యాలి. ఇంజనీరింగు విభాగానికి వెళ్ళి లిఫ్టుల సంగతి అడగమని ఏ రూలూ చెప్పలేదు, అయినా వెళ్ళింది. ఇరవై రెండు అని తెలుసుకుని, మర్చిపోతానేమోనని చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంది.

రెండో మంగళవారం ఆయన, "ఇరవై రెండా! వాటిల్లో మనుషులుంటారా, ఉత్త మీటలేనా?" అన్నాడు. మూడో మంగళవారం, మెట్లెక్కలేనివాళ్ళు మధ్యలో కూర్చోవడానికి బల్లలు వేస్తారా అని అడిగాడు. ఒక్కో ప్రశ్న వెనకా ఆయన బతుకు ముక్క ఒకటి బయటపడేది. మార్కెట్టు వెనక పసుపురంగు భవనం. పాలక మండలి కట్టించిన ఇళ్ళే. ఉండేది నాలుగో అంతస్తు. అన్నేళ్ళు లిఫ్టు నడిపిన మనిషి ఇంటి లిఫ్టు పాడై ఎనిమిది నెలలు. మోకాళ్ళు సహకరించవు కనుక నెలకోసారి తప్ప కిందికి దిగడు. సామాను కావాలంటే తాడుకు బుట్ట కట్టి కిందికి వదులుతాడు. భార్య పోయి ఆరేళ్ళయింది.

"నాదో చిత్రమైన బతుకమ్మాయీ," అన్నాడొకసారి. "రోజూ వెయ్యిమంది మాటలు వినేవాణ్ణి, ఒక్క కథకీ చివర తెలీదు. ఫలానా వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందని మొదలెడతారు. ఎవరితో అని చెవులు నిక్కబొడుచుకుంటే, మూడో అంతస్తు వచ్చేస్తుంది. దిగిపోతారు."

ఆమె నవ్వింది. హాల్లో మిగిలిన ఎనిమిది మందీ తలలు తిప్పి చూశారు. రూలుబుక్కు నవ్వగా వినడం వాళ్ళకదే మొదలు.

ఆయన ఇంటి లిఫ్టు గురించి ఆమె మరమ్మతుల విభాగానికి ఒక అర్జీ రాసిచ్చింది. అక్కడి గుమాస్తా దాన్ని రెండు వేళ్ళతో అందుకుని, "ఉత్సవం హడావుడి అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు. కానిదాని గురించి ఆశ పెట్టడం ఎందుకని.

ఇక ఆమె వారమంతా మంగళవారం వైపే నడిచేది. సోమవారం సాయంత్రం జవాబు కాగితం పర్సులో ఉందో లేదో రెండుసార్లు చూసుకునేది. ఇదంతా పనిలో భాగమేనని తనకు తాను చెప్పుకుంది. ఆరో మంగళవారం దాకా నమ్మింది కూడా.

ఆరో మంగళవారం ఆయన గొంతు నీరసంగా ఉంది. "పాపం, నా మూలంగా నీకు ఎన్ని పాట్లు! ఇంక చాల్లే అమ్మాయీ. అవునని రాసుకో."

ఆమె కలం పట్టుకుంది. మొదటి గడి మీద ఆనించింది. అక్కడ టిక్కు పెడితే వచ్చే మంగళవారం పదకొండు గంటలకు ఇంకెవరో సగంలో ఫోను పెట్టేస్తారు. అంతే తేడా. అంతేనా అని గుండె అడిగింది. "సరేనండి, రాసుకుంటాను," అని చెప్పి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి తెలిసి తెలిసి తప్పు రాసింది. మూడో గడి.

ఏడో మంగళవారం పదకొండింటికి నంబరు తిప్పింది. అవునని చెప్పాక మళ్ళీ ఎందుకు చేశావని ఆయన అడిగితే ఏం చెప్పాలి? ఆయన అడగలేదు. మొదటి గంట పూర్తిగా మోగకముందే రిసీవరు ఎత్తి, "వారమైపోయిందా అప్పుడే?" అన్నాడు. "సరే, ఇది చెప్పు. ఆటలు చూడ్డానికి వచ్చినవాళ్ళు వానొస్తే ఎక్కడ నిలబడతారు?"

ఆ దొంగతనంలో ఇద్దరికీ సగం సగం వాటా ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ వారమంతా తేలిగ్గా నడిచింది.

పదకొండో మంగళవారం పొద్దున్నే సూపరింటెండెంటు పిలిచారు. అంతర్జాతీయ సంఘానికి మర్నాడే జవాబులు వెళ్ళాలి. ఆయన బల్ల మీద ఆమె నింపిన కాగితం ఒక్కటే ఉంది, పక్కన హాల్లో ఫోను మాటలన్నీ పట్టి ఉంచే రికార్డింగు యంత్రం ఉంది.

"పది ఫోన్లు చేశారు, ఒక్క మనిషికి. ఏమిటా అని విన్నాను," అన్నారాయన. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆరో వారం ఆయన అవునన్నాడు. మీరు ఇక్కడ పెట్టారు. వేరేవాళ్ళు చేసుంటే పొరపాటు అనుకునేవాణ్ణి. మీరు..."

రూలుబుక్కు కదా అన్న మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది. ఆమె తల వంచుకుంది. చెప్పుకోవడానికి ఏముంది? నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే సార్ అని, ఆ ఒక్క కాగితం పెట్టిన బల్ల ముందు ఎలా అనడం?

"మెమో ఇవ్వను. కానీ ఇవాళ తేలిపోవాలి. నా ముందే చెయ్యండి. మూడో గడి ఇంక లేదు, తీసేశాం."

పదకొండింటికి నంబరు తిప్పింది. సూపరింటెండెంటు రెండో రిసీవరు చెవికి పెట్టుకున్నారు.

"వచ్చావా అమ్మాయీ! నిన్నటినుంచి ఒక ప్రశ్న దాచి పెట్టా."

"నమస్కారమండి. నగర పాలక మండలి నుంచి చేస్తున్నాం," అందామె. మొదటి రోజు మాటలు, మొదటి రోజు గొంతు. "క్రీడోత్సవం మన ఊళ్ళో జరగడం మీకు ఇష్టమేనా? అవునా, కాదా?"

లిఫ్టులో ఇంకో మనిషి ఎక్కినప్పుడు మాట మార్చడం ఎలాగో ముప్ఫై నాలుగేళ్ళు చూసిన మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నేను అవునంటే మళ్ళీ చేస్తారా అండీ?" అన్నాడు. అమ్మాయీ పోయి అండీ వచ్చింది.

"చెయ్యమండి."

"కాదంటే?"

"చెయ్యమండి."

"ఇంకా తేల్చుకోలేదంటే?"

సూపరింటెండెంటు కిటికీ వైపు చూశారు.

"ఆ గడి తీసేశారండి."

"అలాగా. అయితే అవునని రాసుకోండి. జనం వస్తే మంచిదే కదా. రానీండి," అన్నాడాయన. రిసీవరు మెల్లగా పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం తొమ్మిది మందితోనూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు: ఈ పనిలో తెలిసిన ఏ నంబరుకూ మేము ఇకపై ఫోను చెయ్యబోము. ఆమె సంతకం పెట్టింది. ఒకసారి తప్పు చేసిన చెయ్యి కనుక, ఈసారి మరీ పద్ధతిగా పెట్టింది.

ఉత్సవం రాలేదు. అయిదు నగరాల్లో వీళ్ళది నాలుగో స్థానం. మేయరు గారు దీన్నో అనుభవంగా తీసుకుందామన్నారు. ఫోన్లు విప్పేశారు, హాల్లోకి విరిగిన కుర్చీలు తిరిగొచ్చాయి, ఆమె జనన మరణాల విభాగంలో తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. మంగళవారం పదకొండింటికి ఆమె కలం దానంతటదే ఆగిపోయేది. ఆ అరగంటలో ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా కాస్త ఆలస్యంగా రాసుకునేది. నంబరు నోటికొచ్చు. ఫోను పక్కనే ఉంది. సంతకం అడ్డుగా ఉంది.

అలా రెండు నెలలు గడిచాక, ఒక సోమవారం రాత్రి గిన్నెలు కడుగుతూ ఆ కాగితంలో మాటలు మరోసారి గుర్తు చేసుకుంది. ఫోను చెయ్యబోము. అంతే ఉంది. వెళ్ళబోము అని ఎక్కడా లేదు. ఇరవై ఆరేళ్ళు రూళ్ళు చదివినందుకు దొరికిన జీతం ఇదే అనుకుని, మర్నాటికి సెలవు రాసుకుంది.

నాలుగంతస్తులు ఎక్కాలి కనుక పాతచెప్పులు వేసుకుని బయల్దేరింది. మార్కెట్టు వెనక పసుపు భవనం దొరికింది. లోపలికి అడుగుపెట్టి మెట్ల వైపు తిరిగేసరికి, పక్కన ఇనుప కటకటాల తలుపు కిర్రుమని తెరుచుకుంది. లిఫ్టు! ఉత్సవం పోయినా ఆమె అర్జీ మాత్రం బల్ల బల్లా దాటుకుంటూ తన దారిన తాను నడిచి వచ్చిందన్నమాట. లోపల ఎత్తుపీట మీద ఒక బక్క ముసలాయన మీట పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వెనకాలే సంచీతో ఒకావిడ ఎక్కింది.

తలుపుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. "మంగళవారం 11 నుంచి 11.30 దాకా లిఫ్టు నడవదు. ఫోను వచ్చే వేళ."

"ఆ అట్ట తీసెయ్యరాదూ బాబాయ్?" అంది సంచీ ఆవిడ. "లిఫ్టు బాగుపడి నెలైంది. ప్రతి మంగళారం పైకెళ్ళి కూర్చుంటావు. ఏదీ, ఒక్క ఫోనైనా వచ్చిందా?"

"రాకపోతే పోనీ. వచ్చినప్పుడు మనిషుండాలి కదమ్మా," అన్నాడాయన.

ఆ గొంతు అంత దగ్గరలో వినేసరికి ఆమె తలుపు కటకటాలు పట్టుకుంది. తను రెండు నెలలుగా ఒక్కతే ఆ వేళకు కలం ఆపుకుంటున్నాననుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రెండో అంతస్తులో సంచీ ఆవిడ దిగిపోయింది. తలుపు మూసుకుంది.

"మీరెక్కడికండీ? కాస్త త్వరగా చెప్పండి, పదకొండింటికి నేను ఇంట్లో ఉండాలి," అన్నాడు ఆయన, ఇటు తిరగకుండానే.

"నాలుగో అంతస్తండి."

మీట మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. లిఫ్టు కదల్లేదు. ముంజేతి గడియారం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు.

"ఇంకా పది నిమిషాలుంది కదా అమ్మాయీ," అన్నాడు.