పొద్దు పక్క తాడు

ఇప్పలవాగు గూడెంలో విత్తనాలు చల్లే ముందు ఆడవాళ్లు తాడాట ఆడతారు. రెండువేల తొమ్మిదిలో ఆ ఆటకు ఇంకా నాలుగు రోజులుందనగా పుల్లమ్మ వచ్చి భీమక్క వాకిట్లో నిలబడింది. పుల్లమ్మ భీమక్కకు వరసకు పెద్దత్త. ఆటకు పెద్దదిక్కు కూడా ఆమే.

"భీమక్కా, ఈయేడు నువ్వు పొద్దు పక్కకు పోవాలె" అంది.

జొన్నలు చెరుగుతున్న భీమక్క చేతిలో చేట ఆగిపోయింది.

"మరి నెల పక్క ముందల ఎవరుంటరు పెద్దత్తా?"

"ఎవరుంటరేంది? నీ తోడికోడలు సుజాత లేదా? నీ ఎనక ఇంకో కోడలు ఇంట్లకొచ్చినంక నువ్వు పొద్దువే గదనే. నాకు మోకాళ్లు పోయినయి. నా జాగల నువ్వు నిలబడాలె."

పుల్లమ్మ చెప్పింది కొత్త సంగతి కాదు. ఆ కథ గూడెంలో అందరికీ తెలుసు. పొద్దూ నెలా, అంటే సూర్యుడూ చంద్రుడూ, ఆకాశంలో ఒకే ఇంటి కోడళ్లు. పొద్దు పెద్దది, నెల చిన్నది. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే మబ్బు. ఎండాకాలమంతా పొద్దు దానికి తాడు కట్టి తన వైపు గుంజి పెట్టుకుంది. నెలకేమో ఇంటినిండా పిల్లలు, చుక్కలు. వాళ్లు నీళ్లు లేక దూపకు ఏడుస్తుంటే చూడలేక నెల వచ్చి తాడు రెండో కొస పట్టుకుంది. మొదటిసారి పొద్దు గుంజుకుంది. రెండోసారి నెల గుంజుకుంది. మూడోసారి ఇద్దరూ బిగపట్టి ఉండగా పొద్దుకు పిల్లల మొహాలు కనపడ్డాయి. చేతులు వదులు చేసింది. మబ్బు జారి భూమ్మీద వాన పడింది.

ఆట కూడా అంతే. తమ తర్వాత ఇంటికి ఇంకో కోడలు వచ్చినవాళ్లు పొద్దు పక్క, రానివాళ్లు నెల పక్క. అడవిలో దొరికే అడ్డతీగ నారతో పేనిన తాడు. మూడు గుంజుళ్లు. మూడోదాంట్లో పొద్దు పక్క ముందున్న మనిషి చేతులు వదులు చెయ్యాలి, నెల పక్క గెలవాలి. గెలిచిన పక్క ముందున్న మనిషిని ఎత్తుకొని వాగుదాకా తీసుకుపోయి నెత్తిన కడవనీళ్లు పోస్తారు. డోళ్లు మోగుతాయి. అప్పుడు మగవాళ్లు విత్తనాల బుట్టలు ఎత్తుతారు. రెండు పక్కలా ముందు నిలబడే హక్కు పుల్లమ్మ వాళ్ల ఇంటి కోడళ్లది.

భీమక్క ఆ ఇంటికి వచ్చి పదహారేళ్లు. వచ్చేనాటికే అత్త లేదు. మరిది రమణ ఏడేళ్లవాడు. వాడికి తలంటి పోసింది, బడికి పంపింది, జ్వరమొస్తే వీపున వేసుకొని దవాఖానాకు నడిచింది. ఆమె తర్వాత ఆ ఇంటికి కోడలు రాలేదు కాబట్టి పదహారేళ్లూ నెల పక్క ముందు నిలబడింది తనే. ఎదుట పుల్లమ్మ ఉండేది. మూడో గుంజుడులో పుల్లమ్మ చేతులు వదులు చేస్తుందని భీమక్కకు తెలుసు. తెలిసినా, తాడు తన వైపు కదిలే క్షణంలో అది తన రెక్కల బలమే అనిపించేది. ఏడాదంతా కట్టెలు మోసి, కలుపు తీసి, తునికాకు కట్టలు కట్టే మనిషిని ఊరు ఎత్తుకొని మోసేది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు ఆ రోజు సుజాతది.

సుజాత ఆ మార్చిలోనే రమణను చేసుకొని వచ్చింది. భద్రాచలంలో హాస్టల్లో ఉండి పది చదివిన పిల్ల. కబడ్డీ ఆడింది. తాడు గుంజే పోటీల్లో వాళ్ల బడి జట్టుకు ముందు నిలబడి ఖమ్మం, వరంగల్ దాకా పోయి వచ్చింది. పెట్టెలో రెండు కప్పులు తెచ్చుకుంది. రమణ వాటిని తుడిచి గోడ గూట్లో పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "వదినా, ఇది జిల్లా ఫస్టంట!" అని భీమక్కకైతే మూడుసార్లు చెప్పాడు. వారం తిరక్కుండా భీమక్క అందులో ఒక కప్పు తీసి కోళ్లకు నూకలు పోసి పెట్టింది. సుజాత చూసింది. కోపమొస్తుందేమోనని భీమక్క ఎదురుచూసింది. ఆ పిల్ల ఫక్కున నవ్వి, "మంచిగయింది అక్కా, గూట్ల ఉండి ఏం చేస్తది" అంది. ఆ నవ్వుకు భీమక్కకు ఇంకా ఒళ్లు మండింది.

ఆటకు ముందు మూడు రోజులూ సుజాత చిన్నకోడళ్లను బీడు చేలోకి తీసుకుపోయి సాధన చేయించింది. "మడమలు నేలకు తన్నండి. నడుము కిందికి. చేతులతోటి కాదు, ఒళ్లంతటితోటి గుంజాలె. నేను హో అన్నప్పుడే!" అని అరుస్తుంటే అందరూ నవ్వుతూ, పడుతూ, మళ్లీ లేస్తూ గుంజారు. భీమక్క కంచె ఇవతల చింతచిగురు కోస్తున్నట్టు నిలబడి అంతా చూసింది. పదహారేళ్లలో వాళ్లలో ఒక్కరికీ తను ఏమీ నేర్పలేదు. ఎలా నేర్పాలో తనకు తెలియదు.

భర్త పగిడయ్య అటుగా ఎద్దులు తోలుకుపోతూ ఆగి, "పిల్ల మంచిగ నేర్పుతుంది గదా" అన్నాడు.

"అవ్, నేర్పుతది. గెలిచేది ముందే ఖరారైన ఆటకు ఇంత నేర్పుడేందో" అంది భీమక్క.

ఆట రోజు పొద్దున ఊరంతా వాగు ఒడ్డున చేరింది. మగవాళ్లు విత్తనాల బుట్టలు పక్కన పెట్టుకొని కూర్చున్నారు. మధ్యలో పుల్లమ్మ ముగ్గుతో గీత గీసింది. సుజాత చీర కుచ్చిళ్లు దోపుకొని వచ్చి, భీమక్క కాళ్లకు దండం పెట్టి, తాడు అందుకుంది.

మొదటి గుంజుడు పొద్దుది. రెండోది నెలది. రెండోసారి సుజాత "హో" అన్నప్పుడు తాడులోంచి వచ్చిన ఊపుకు భీమక్క ముందుకు తూలింది. ఈ పిల్లకు నిజంగానే బలముంది. జనం ఈలలు వేశారు. "వదినా, పైలం!" అని రమణ అరిచాడు. వాడు నవ్వుతున్నాడు. పెళ్లాం వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

మూడోది. రెండు పక్కలా బిగపట్టారు. తాడు కదల్లేదు. పుల్లమ్మ కర్ర పైకెత్తింది. చేతులు వదులు చెయ్యాల్సింది అప్పుడే. భీమక్క సుజాత మొహం చూసింది. కళ్లు చిన్నవి చేసి, పళ్లు బిగించి, ఆ పిల్ల పదహారేళ్ల కింద తను నిలబడ్డట్టే నిలబడి ఉంది. భీమక్క చేతులు వదులు చెయ్యలేదు. మడమలు నేలకు తన్ని, నడుము కిందికి దించి, ఒళ్లంతటితో గుంజింది.

నెల పక్క ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు, లేచిన దుమ్ములో జనానికి ఏమీ కనపడలేదు. సుజాత మాత్రం తాడు వదల్లేదు. బోర్లా పడి, గీత దాటి ఇవతలికి ఈడ్చుకొని వచ్చింది.

ఒక్క క్షణం భీమక్క గుండె గాలిలో తేలింది.  తర్వాత చూస్తే, డోలు పట్టుకున్న వెంకటప్పయ్య దాన్ని కిందపెట్టేశాడు.

"చేతులు వదులు చేసినవా?" పుల్లమ్మ అడిగింది.

"చేసిన పెద్దత్తా" అంది భీమక్క. ఆ మాట దానంతటదే వచ్చేసింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. "నేను వదులు చేసేసరికే ఆ పిల్ల తాడు ఇడిసిపెట్టి పడ్డది."

సుజాత లేచి మోకాళ్ల మీద కూర్చుంది. రెండు అరచేతులూ చెక్కుకుపోయి రక్తం కారుతోంది. భీమక్క వైపు చూసింది.  చేతులు కొంగులో చుట్టుకొని ఇంటికి నడిచింది.

ఆ ఏడు మృగశిర కార్తె ఒక్క చినుకు లేకుండా పోయింది. ఆరుద్రా పోయింది. ఆశకొద్దీ పొడి దుక్కిలో వేసిన విత్తనాలను చీమలు తీసుకుపోయాయి. రేడియోలో దేశమంతా ఇలాగే ఉందని చెప్పారు గానీ, గూడెంలో మాత్రం ఒకటే మాట. నెల తాడు ఇడిసిపెట్టిందట. హాస్టల్ పిల్లకు ఆటంటే కప్పులే గానీ వాన ఏం తెలుస్తుంది, అన్నారు. మొదట్లో ఆ మాటలు భీమక్క చెవికి చల్లగానే ఉన్నాయి. ఎవరైనా మొదలుపెడితే, అక్కడ ఏదో పని ఉన్నట్టు ఆగి వినేది.

జూలైలో వాగు పూర్తిగా ఎండింది. ఇసుకలో చెలిమలు తోడుకొని ఆడవాళ్లు ముంతలతో నీళ్లు ముంచుకుంటున్నారు. ఒకరోజు సుజాత బిందె పట్టుకొని వస్తే బతుకమ్మ అనే ఆవిడ చెలిమకు అడ్డంగా కూర్చుంది.

"నువ్వు ముట్టకు పిల్లా. ఉన్న ఊట గూడ పోతది."

సుజాత చేతుల మీద పుండ్లు మాని గులాబీ రంగు చర్మం వచ్చింది. ఆ చేతులతో ఖాళీ బిందె పట్టుకొని కాసేపు నిలబడింది. అక్కడే ఉన్న భీమక్క తన ముంత వైపు చూసుకుంటూ ఉండిపోయింది. సుజాత వెనుదిరిగింది. ఆ పూట తను తెచ్చిన నీళ్లతోనే భీమక్క ఇంట్లో అన్నం వండింది. సుజాత తినలేదు.

రెండు రోజులకు రమణ బట్టలు మూట కట్టాడు. "కొత్తగూడెంల కిరాయికి ఒక రూము చూసిన వదినా. బొగ్గు లారీల మీద పనుంది. ఇక్కడ సుజాతను బతకనిచ్చేటట్టు లేరు" అన్నాడు. వదిన కళ్లలోకి చూడలేదు. వీపున మోసిన పిల్లాడు మూట వీపున వేసుకొని గడప దాటాడు. వెనకే సుజాత.

వాళ్లు అటు పోగానే ఇల్లు మళ్లీ భీమక్కది అయింది. గూట్లో మిగిలిన ఒక్క కప్పు లేదు, ఆ నవ్వు లేదు. పొయ్యి ముందు కూర్చుంటే నిప్పు రాజెయ్యబుద్ధి కాలేదు. లేచి పుల్లమ్మ గుడిసెకు పోయింది.

పుల్లమ్మ ఎండాకాలం దాచిన ఇప్పపువ్వును మళ్లీ ఎండకు ఆరబోసుకుంటోంది. భీమక్క నోరు తెరవకముందే అంది: "తాడు ఇడిసినోళ్ల చేతులు గట్ల చెక్కుకుపోవు."

భీమక్క ఆ పువ్వు పక్కనే కూర్చుంది. "తెలిసి మరి ఎందుకు అడగలే పెద్దత్తా?"

"అడిగిన గదా. నువ్వు అబద్ధం చెప్పినవ్."

"ఆ పిల్లను చూస్తే కడుపుల మంటయింది. వదులుదామంటే చేతులు రాలే."

"నాకొచ్చినయనుకున్నవా?" పుల్లమ్మ తల తిప్పింది. "నువ్వొచ్చిన ఏడు నా ఈడు ఎంత? నలభై దాటలే. అప్పటిదాకా నన్ను మోసిండ్రు. నిన్ను ఎత్తుకొని పోతుంటే నీ నడుము ఇరిగిపోవాలనుకున్న. గట్ల అనుకుంటనే వదిలిన. పదహారేండ్లు వదిలిన. పొద్దుకు మంట లేకపోతే అది పొద్దెట్లయితదే?"

 "ఆట మళ్లా పెట్టొచ్చా?" అని అడిగింది భీమక్క.

"నెల ఏది? బస్సెక్కనీకి పోయింది గదా. జల్దీ పో."

రోడ్డు మీదికి మైలు దూరం. భీమక్క అడ్డదారిన పడి పరుగెత్తింది. బస్సు ఇంకా రాలేదు. రమణ, సుజాత రాయి మీద కూర్చున్నారు. చండ్రుగొండ సంతకు పోయే ఆడవాళ్లు అయిదారుగురు దూరంగా నిలబడ్డారు. వాళ్లలో బతుకమ్మ కూడా ఉంది. భీమక్క రొప్పుతూ వాళ్ల మధ్య నిలబడింది.

"ఆ రోజు తాడు ఇడిసింది సుజాత కాదు. వదలంది నేను. వదలాల్సినప్పుడు గుంజిన, గుంజి అబద్ధం చెప్పిన. మీరేమన్న అనాలంటే నన్ననండి."

బతుకమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రమణ మూట కిందపెట్టి లేచాడు. "వదినా, నువ్వా?" అని మాత్రం అనగలిగాడు.

సుజాత లేవలేదు. "నాకు తెల్సు అక్కా. తాడు పట్టుకున్నోళ్లకు అవతలి చేతులు తెలుస్తయి."

"మరి ఎందుకు చెప్పలే?"

"మొన్న వచ్చిన కోడలి మాట ఎవరు నమ్ముతరు?"  కోపం అప్పుడు బయటపడింది. "చెలిమ కాడ నువ్వొక్క మాట అంటవని చూసిన. అనలే. చేతుల నొప్పి మరిచిపోయిన గని, అది మరువ."

"మరువకు" అంది భీమక్క. "గని ఇంటికి రా. ఆట మళ్లా పెడ్తున్నరు."

బస్సు వచ్చి ఆగింది. సంతకు పోయేవాళ్లు కూడా ఎక్కలేదు. సుజాత చాలాసేపు కండక్టర్ వైపు చూసి, చివరికి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

మూడో రోజు ఎండిన వాగు ఇసుకలోనే పుల్లమ్మ మళ్లీ గీత గీసింది. మొదటిది పొద్దు గెలిచింది. రెండోది నెల గెలిచింది. మూడోదాంట్లో కర్ర పైకి లేచింది. అన్నీ ఒప్పుకున్నాక మంట ఆరిపోయి ఉంటుందని భీమక్క అనుకుంది. ఆరలేదు. ఎదుట ఆ పడుచు మొహం, ఆ బిగువు చూస్తే అంతే మండింది. వేళ్లు తాడుకు అతుక్కుపోయినట్టున్నాయి. ఒక్కొక్క వేలూ విడదీసినట్టు వదులు చేసింది. తాడు అరచేతుల్లోంచి గరగరా జారి, ఆమె ఇసుకలో చతికిలపడింది. డోళ్లు మోగాయి. సుజాతను ఎత్తుకొని ఆమె పక్కనుంచే పోయారు. చెలిమలోంచి తోడిన ఒక్క ముంత నీళ్లు నెత్తిన పోశారు. అంతకంటే లేవు.

వాన తొమ్మిది రోజులకు వచ్చింది. గొప్ప వానేమీ కాదు. మెట్ట చేలల్లో జొన్న బతికింది, వరి మళ్లు చాలావరకు బీడు పడ్డాయి. అది ఆట వల్ల వచ్చిందని కొందరన్నారు, ఆలస్యంగా వచ్చింది ఎవరి వల్లనో ఇంకొందరు గుర్తుచేశారు. భీమక్క రెండూ విని, ఆగకుండా తన పనికి పోయింది.

జొన్న మోకాలెత్తు పెరిగాక, ఒక సాయంత్రం ఇద్దరూ కలుపు తీసి గట్టు మీద కూర్చున్నారు. సుజాత ఎద్దుల పగ్గం ఒకటి చేతిలో తిప్పుతూ, "అక్కా, ఒకటడుగుత" అంది. "మా హాస్టల్ల గూడ నన్ను గట్ల ఈడ్చినోళ్లు లేరు. వానకు కాదు, ఊరి కోసం కాదు. మనిద్దరమే ఒకసారి నిజంగ గుంజుదామా?"

భీమక్క చుట్టూ చూసింది. చేలో ఎవరూ లేరు. పగ్గం కొస అందుకుంది.

మొదటిసారి సుజాత గెలిచింది. రెండోసారి చాలాసేపు ఎటూ కదల్లేదు, చివరికి మళ్లీ సుజాతే. భీమక్క గట్టు కింద బురదలో పడింది. లేచి, కొంగు బిగించి, అరచేతుల మీద ఉమ్మేసుకుంది.

"నవ్వకు" అంది. "ఇంకోటుంది. పట్టు."