ల్యాండ్‌మాస్టర్‌కు టాపు

గ్యాస్ మంటకు సీసం మెత్తబడగానే ఆదాం చెక్కపలక అందుకున్నాడు. దానికి మేక కొవ్వు రాసి, కారు టాపుకూ వెనక స్తంభానికీ మధ్యనున్న అతుకు మీద ఒక్క ఊపున లాగాడు. వేడి ఎక్కువైతే సీసం కారిపోతుంది, తగ్గితే గడ్డకడుతుంది. ఈసారి వెన్నలా పరుచుకుంది.

పాత ల్యాండ్‌మాస్టర్ కారది. ఎవరో ఊరేగింపుల కోసం టాపు కోయించేశారు. ఒంగోలులో తుక్కు కింద అమ్మిన ఇంకో కారు టాపు తెచ్చి దీనికి అతికిస్తున్నారు. నిన్నంతా ఆదాం ఇటొక చుక్క, అటొక చుక్క వెల్డింగు పెడుతూ, రేకు వేడికి ఉబ్బకుండా తడిగోనె అద్దుతూనే ఉన్నాడు.

"బాబాయ్, ఇది గానీ వానకు కారిందా, రేపట్నుంచి సీసం మాని పుట్టీ పనోణ్ణి పెడతా," అన్నాడు షెడ్డు యజమాని గురవయ్య. "నువ్వు పొదిలెళ్లి హాయిగా కూర్చో."

"పొదిల్లో నాకెవరున్నార్రా?"

గురవయ్య చూపు తిప్పుకున్నాడు. "కారకపోతే నువ్వున్నన్నాళ్లూ ఈ షెడ్డు నీదే. సరేనా?"

భార్య సుబ్బరావమ్మ పోయాక ఆదాం ఊరి మొహం చూడలేదు. షెడ్డులో ఏ కారుంటే దాని వెనకసీటులో పడుకునేవాడు. పని అయ్యాక కార్లు వెళ్లిపోయేవి.

మధ్యాహ్నం దాకా ఆకురాయితో అతుకులు అరగదీశాడు. రోడ్డు మీద మిరప టిక్కీ బస్తాల లారీ వెళ్తే ఘాటుకు తుమ్మాడు. ఎడమ భుజం లాగుతోంది. ఆకురాయి పట్టినందుకే అనుకున్నాడు. కళ్లు మూసుకుని అతుకంతా అరచేత్తో తడిమాడు.

"ఏందయ్యా ఆదామూ, పెళ్లికూతురి బుగ్గ నిమిరినట్టు?" పక్క టీకొట్టు మస్తాన్‌బీ నవ్వింది.

"పెళ్లికూతురైతే ఇంతసేపు ఊరుకుంటదా?"

సాయంత్రానికి అద్దాలు ఎక్కించారు. ఇక నీళ్ల పరీక్ష. ఆదాం లోపల కూర్చుంటాడు, పైనుంచి నీళ్లు పోస్తారు. చుక్క పడితే లోపలి నుంచి టాపు మీద కొడతాడు. కొట్టకపోతే కారనట్టే. ఆ షెడ్డులో ఎప్పుడూ అదే పద్ధతి.

తలుపు మూసుకుంది. నెత్తిమీద నీళ్లు హోరుమన్నాయి. ఆదాం తల వెనక్కి వాల్చి అతుకు వైపే చూస్తున్నాడు. పొడి. ఇంకో బకెట్. పొడి. భుజంలోని నొప్పి గుండెలోకి దిగింది. అరవడానికి నోరు రాలేదు. చెయ్యి పైకెత్తితే టాపు అందుతుంది. చుక్క పడనిదే కొట్టకూడదు. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

బయట గురవయ్య చెవి రిక్కించాడు. చప్పుడు లేదు. మొహం వెలిగింది.

"ఇంకోటి పొయ్యి! గట్టిపిండమే మన ఆదాం!" అంది మస్తాన్‌బీ.

గురవయ్య ఇంకో రెండు బకెట్లు కుమ్మరించాడు. "చాల్లే బాబాయ్, గెలిచావు. దిగు!"

దిగలేదు. గురవయ్య తలుపు తీసి భుజం తడితే, ఆదాం అతని మీదికే ఒరిగాడు. ఆదాం కళ్లు ఇంకా అతుకు మీదే ఉన్నాయి. గురవయ్య వేలితో అతుకు పొడవునా రాశాడు. వేలికి తడి అంటలేదు.

ఆదాంను మోసుకెళ్లాక షెడ్డులో ఎవరూ మిగల్లేదు. టాపు మీంచి దిగిన నీళ్లు నేలమీద మడుగు కట్టాయి. కారు మాయకూడదని ఎక్కేముందు అతను విడిచిన హవాయి చెప్పులు ఆ మడుగులో, చక్రానికి ఆనుకుని తేలుతున్నాయి.