సత్తియ్య నిప్పంటని నేల

తుమ్మపాల దగ్గర సత్తియ్య బెల్లం వండే పాకలో నేలకి నిప్పంటదు. లారీడు చెరుకు పిప్పి పోసి తగలెయ్యండి, అంటదంటే అంటదు. ఇలాంటి నేల జిల్లాలో ఇంకోటి చూపించినవాడికి మాడుగుల హల్వా కిలో కొనిస్తాను.

మట్టి ఎక్కడైనా అంటుకుంటుందా అని మీరడగొచ్చు. అంటుకోదు. హల్వా పందెం రద్దు. అయితే సత్తియ్య గొప్పలు పోయింది మట్టిని చూసి కాదు, దానిమీద పరిచిన స్పాంజిని చూసి. నిప్పురవ్వ పడి రెండుసార్లు పాక బూడిదైనవాడు మరి. రెండు వేల మూడులో తుక్కుకొట్టు వరదానం పాత సోఫాల స్పాంజి అమ్ముతుంటే, అగ్గిపుల్ల గీసి చూశాడు. నల్లబడింది గానీ మంట లేవలేదు. అంతే, పొయ్యి చుట్టూ, పిప్పి కుప్ప చుట్టూ, పెరడంతా పరిచేశాడు. నాలుగేళ్ల ఎండకీ వానకీ అది పొడైపోయి మట్టిలో కలిసింది. కోళ్లకి ఆ మెత్తటి చోటంటే మహా ఇష్టం. అక్కడే గీరేవి, అక్కడే గుడ్లు పెట్టేవి.

ఆ గుడ్లు రోజుకి రెండు, కడుపుతో ఐదో నెలకే పుట్టింటికొచ్చిన కూతురు ఇందుకి.

వైజాగులో చదివే వరదానం కూతురు దీనా, కాలేజీ ప్రాజెక్టుకని ఆ మట్టి పొట్లం కట్టుకెళ్లింది. రెండు నెలలకి కాగితం పట్టుకుని పాకలోకి వచ్చింది. అప్పుడే గూట్లోంచి గుడ్లు తీసుకుని లేస్తున్నాడు సత్తియ్య.

"మామా, మంట లేవకుండా స్పాంజిలో మందు కలుపుతారు. అదంతా ఈ మట్టిలో ఉంది. కోడికెల్తాది, గుడ్డులోకెల్తాది. మన ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతాది. కడుపులో బిడ్డ బుర్రకి మంచిది కాదంతన్నారు."

"అంతన్నారా, తేలిందా?"

"పూర్తిగా తేల్లేదు. తేలేదాకా ఇందుకి పెడతావేటి?"

"కాల్సేత్తే?"

"కాలకూడదనే కదా కలిపేరు! బలవంతాన కాల్సితే పొగ ఇంకా సెడ్డది."

"ఏట్లో పారబోత్తే?"

"సేపలు తింతాయి. సేపల్ని మనం తింతాం."

"ఏరి కప్పెట్టేత్తే?"

"ఏదని ఏరతావు మామా?"

సత్తియ్య కాళ్లకింద చూసుకున్నాడు. పసుప్పచ్చ పొడి. జరిగి నిలబడ్డాడు. అక్కడా అదే. ఈ చోటు అమ్ముదామంటే ఎవరి పిల్లకి అంటగడతాడు? వదిలేద్దామంటే ఉన్నది ఇదొక్కటే. నిప్పు రాకుండా అన్ని వైపులా మూసుకున్నవాడికి బయటికి దారి లేకుండా పోయింది.

"నానా, గుడ్లు తెత్తన్నావా? నీళ్లు మరుగుతన్నాయి!" వంటింట్లోంచి ఇందు కేక.

చేతిలో రెండు గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చెబితే, రెండు నెలలు తినిపించింది తనేనని చెప్పాలి. చెప్పకపోతే ఈ రోజూ తినిపించాలి.

"పొయ్యార్పీ అమ్మా."

"ఏటైంది?"

"కూకో, సెప్తాను. నన్ను తిడుదువు గానీ, ముందు గుడ్లు మానెయ్యి."

అంతా విని ఇందు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మరి తిన్నయ్యో?"

సత్తియ్య దీనా వైపు చూశాడు. దీనా కాగితం వైపు చూసింది. అందులో అది రాసి లేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ అగ్గిపుల్ల. సత్తియ్య గీయనే లేదు. వరదానం "అంటుకోదు బావా" అంటే నమ్మి పరిచేశాడు. ఒక్కసారైనా పరీక్ష చేసినవాడిలా కనబడాలని నేనే గీయించాను. గుడ్లు మాత్రం నేను పెట్టించినవి కావు.