మూత కోసం నూట నలభై మంది

ఉదయం ఆరున్నరకే ఆ ఆసుపత్రి వంటగదిలో ఫోన్లు మోగడం మొదలయ్యేది. పాలు పొంగకముందే ఆసుపత్రి ఫోను గ్రూపులో మేనేజరు గారి గులాబీ పువ్వు బొమ్మ వచ్చేది, దాని కింద ‘అందరికీ శుభోదయం’. తర్వాత పుట్టినరోజులు. ఆ తర్వాత స్కూటర్ల దగ్గర తాళంచెవి దొరికిందని ఒకరు, అది నాదేనని ఇంకొకరు, దొరికింది కదా సంతోషం అని ముప్పై మంది. దేనికైనా సరే అందరినీ ట్యాగ్ చేయడం అక్కడి మర్యాద. చేయకపోతే చిన్నచూపు చూశారని మూతి ముడుచుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఈ సదుపాయం తెలియనివారికి ఒక మాట. గ్రూపులో ‘అందరూ’ అని ఒక్క నొక్కు నొక్కితే చాలు, అందులో ఉన్న నూట నలభై మంది ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్ల ఫోన్లు కూడా మోగుతాయి. ప్రమాద సమయంలో పనికొస్తుందని పెట్టిన ఏర్పాటు అది. మనవాళ్ల చేతిలో పడింది.

మూడు, నాలుగు వార్డులకు పొద్దున్నే ఆహారం తోసుకెళ్లే ఆవిడను అందరూ ట్రాలీ అక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఏ మంచానికి ఉప్పు వద్దో, ఎవరి పాలలో చక్కెర వేయకూడదో ఆవిడకు నోటికి వచ్చు. పూర్వం ఆపరేషను ఉన్న రోగి మంచానికి ‘ఖాళీ కడుపు’ అని రాసిన ఎర్ర అట్ట వేలాడేది. అది కనిపిస్తే ట్రాలీ ఆగకుండా ముందుకు పోయేది. గ్రూపు వచ్చాక ఆ అట్టలు స్టోరుగదిలో అటక ఎక్కాయి. ఒక్క ట్యాగ్‌తో ఊరందరికీ తెలిసిపోతుంటే అట్టలెందుకని అందరూ అనుకున్నారు. ట్రాలీ అక్క కూడా అలాగే అనుకుంది.

కానీ చేతినిండా పని ఉన్న మనిషికి ఆ మోత భరించడం కష్టం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఫోను తీసి కూతురి ఒళ్లో పడేసింది.

"ఈ మోత నా వల్ల కాదే. చెయ్యి కడుక్కోవాలి, తుడుచుకోవాలి, కళ్లజోడు వెతుక్కోవాలి. తీరా చూస్తే పువ్వు! దీని నోరు మూయించు."

"గ్రూపు మ్యూట్‌లోనే ఉందమ్మా. అందరినీ ట్యాగ్ చేస్తున్నారు కాబట్టి మోగుతోంది. అది కూడా ఆపేయమంటావా? ఏదైనా పనికొచ్చేది వస్తే?"

"పనికొచ్చేదైతే మనిషే వచ్చి చెప్తాడులే."

కూతురు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏదో నొక్కింది. ఇల్లు హాయిగా సద్దుమణిగింది. ఇక్కడ ట్రాలీ అక్కను తప్పుపట్టబోయే పాఠకులు ముందు తమ ఫోను తీసి, నోరు మూయించిన గ్రూపులు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే మంచిది.

మర్నాడు సోమవారం. మూడో వార్డులో పదకొండో మంచం మీద ఒక వడ్రంగి ఉన్నాడు. రంపం మిషను అతని కుడిచేతి రెండు వేళ్లను వంచే నరాలను తెంపేసింది. అలాంటి ఆపరేషన్లు చేసే డాక్టరు బయటి నుంచి సోమ, గురువారాల్లో మాత్రమే వస్తాడు. గురువారానికి అనుకున్నది ఇవాళే చేసేస్తానని ఆయన పొద్దున ఏడింటికి ఫోను చేశాడు. డ్యూటీ దిగబోతున్న సిస్టరు ఆ క్షణంలోనే గ్రూపులో రాసింది: ‘మూడో వార్డు, పదకొండో మంచం, ఖాళీ కడుపు. ఏమీ పెట్టవద్దు.’ అందరినీ ట్యాగ్ చేసింది. చెప్పాల్సిన పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయింది.

వడ్రంగి మందుల మత్తులో నిద్రపోతున్నాడు. అతని భార్య పిల్లలను బడికి పంపడానికి ఇంటికి వెళ్లింది. ఆ సందేశానికి పైన మేనేజరు గారి గులాబీ, కింద ఎవరిదో పుట్టినరోజు కేకు.

ఏడున్నరకు ట్రాలీ చక్రాల చప్పుడుకు అతను కళ్లు తెరిచాడు.

"నాక్కూడా ఉందా అక్కా?"

"ఎందుకుండదు తమ్ముడూ? లే. ఎడంచేత్తో తినలేవు కదా, నేను వలిచి పెడతా ఉండు."

ఆవిడ కోడిగుడ్డు పెంకు వలిచి, నాలుగు ముక్కలు చేసి, బ్రెడ్డు పక్కన పెట్టి, పాల గ్లాసు చేతికి అందే దూరంలో ఉంచింది. అతను ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. "ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. వడ్రంగి ఉన్నదున్నట్టు చెప్పాడు. కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆయన పన్నెండింటికల్లా ఇంకో ఆసుపత్రిలో ఉండాలి. ఆపరేషను మళ్లీ గురువారానికే పోయింది.

అప్పుడే వచ్చిన వడ్రంగి భార్య ఆయన వెనకే వరండాలోకి పరుగెత్తింది.

"మూడు రోజులాగితే వేళ్లు మామూలుగా అవుతాయా సార్?"

"కుట్టడం కుట్టేస్తానమ్మా. ఎంతవరకు వంగుతాయో మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఆలస్యమయ్యేకొద్దీ తెగిన నరం లోపలికి లాక్కుపోతుంటుంది."

ఖాళీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చిన ట్రాలీ అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. తన చేతులతో వలిచిన గుడ్డు! ఆవిడకు ఏడుపు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి, "నన్ను తిట్టు తమ్ముడూ" అంది.

"నువ్వు ప్రేమగానే పెట్టావు కదక్కా" అన్నాడతను. తిట్టి ఉంటే ఆవిడకు అంత బాధ కలిగేది కాదు.

మధ్యాహ్నం మేనేజరు ట్రాలీ అక్క ముందు ఒక కాగితం పెట్టాడు. ‘నా నిర్లక్ష్యం వల్ల జరిగిన తప్పుకు పూర్తి బాధ్యత నాదే’ అని అందులో ఉంది. దాని మీద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"గ్రూపులో అంత స్పష్టంగా పెడితే చూసుకోవద్దూ? అందరికీ ట్యాగ్ వచ్చింది కదా" అన్నాడాయన.

ట్రాలీ అక్క కళ్లు తుడుచుకుంది. "సంతకం పెడతాను సార్. రేపు స్టాఫ్ మీటింగు ఉంది కదా, అక్కడ అందరి ముందే పెడతాను."

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు నోటుబుక్కు ముందు వేసుకుని కూర్చున్నారు. వారం రోజుల్లో అందరినీ ట్యాగ్ చేసిన సందేశాలన్నీ కూతురు చదువుతుంటే తల్లి ఒక్కొక్కటే రాసింది. శుభోదయం, కేకు, తాళంచెవి, ఎవరి బంధువో కొత్త ఇల్లు కట్టుకున్న ఫొటో. రెండొందల ఎనిమిది తేలాయి. వాటిలో ట్రాలీ అక్క పనికి సంబంధించినవి ఏడు. ఆ ఏడింటిలో ఒకటి పదకొండో మంచం.

మధ్యలో కూతురు చదవడం ఆపేసింది.

"ఏమైందే?"

"అమ్మా... ఇది నువ్వు పెట్టిందే. బుధవారం. ‘నా టిఫిను డబ్బా మూత కనిపించడం లేదు, ఎవరైనా చూశారా’ అని. అందరినీ ట్యాగ్ చేశావు. దీన్ని వదిలేద్దామా?"

ట్రాలీ అక్క పెన్ను కింద పెట్టింది. ఆ మూత బుధవారం సాయంత్రమే ఇంట్లో గిన్నెల బుట్టలో దొరికింది. నూట నలభై మంది ఫోన్లు ఊరికే మోగాయి. ఎవరో సిస్టరు సూది గుచ్చుతూ ఆగి ఉంటుంది. ఎవరో ఆయా మోస్తున్నది కిందపెట్టి చూసి, ‘మూతా!’ అని విసుక్కుని, ఆ రోజే తన ఫోను నోరు మూయించి ఉంటుంది.

"వదలొద్దు. అన్నిటికంటే పైన అదే రాస్తాను" అందావిడ.

మర్నాడు మీటింగు హాల్లో సూపరింటెండెంటు మేడమ్ ముందు ట్రాలీ అక్క లేచి నిలబడింది.

"తప్పు నాదే మేడమ్. ట్యాగ్ వచ్చినా మోగకుండా ఆపించుకున్నాను. పని సంగతి కూడా అందులోనే వస్తుందని తెలిసీ ఆపించుకున్నాను. దానికి సంతకం పెడతాను. కానీ ఎందుకు ఆపించుకున్నానో ఒక్కసారి వినండి" అని నోటుబుక్కు తెరిచింది. మొదట తన మూత సంగతి చదివింది. హాలంతా గొల్లున నవ్వింది. తర్వాత శుభోదయాలు చదివింది. నవ్వు సన్నగిల్లింది. పదకొండో మంచం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు.

"ఇంతకీ శుభోదయం చెప్పినా నేరమేనా?" అన్నాడు మేనేజరు.

"చెప్పండి సార్. నాకు ఎదురుపడ్డప్పుడు నోటితో చెప్పండి, నేనూ చెప్తాను. అందరి ఫోన్లూ మోగించి చెప్పకండి. మీ పువ్వు మోగినా, రోగి ప్రాణం మోగినా నా ఫోనుకి ఒకటే మోత."

అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఆ సందేశం రాసిన సిస్టరు లేచింది. "నాదీ తప్పే మేడమ్. నాలుగడుగులు వేసి పేషెంటుకి చెప్పి ఉంటే సరిపోయేది. అందరికీ పెట్టేశాను కదా, చెప్పినట్టే అనుకున్నాను."

సూపరింటెండెంటు మేడమ్ మేనేజరు చేతిలోని కాగితం తీసుకుని చూసి, ‘నా’ అన్నచోట ‘మా’ అని దిద్దింది. ముందు తానే సంతకం పెట్టింది. తర్వాత మిగతావాళ్ల సంతకాల కోసం కాగితం హాల్లోకి పంపింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అని అడిగింది.

ట్రాలీ అక్కకు ఉపన్యాసాలు రావు. అడిగిన దానికి సూటిగా చెప్పింది. ఎవరితో పని ఉంటే వాళ్లనే పేరు పెట్టి ట్యాగ్ చేయాలి. చూసినవాళ్లు ‘చూశాను’ అని రాయాలి. ఆ మాట వచ్చేదాకా, చెప్పిన మనిషి తన పని అయిపోయిందనుకోకూడదు. అందరినీ పిలిచేది నిప్పు అంటుకున్నప్పుడో, అంతటి ప్రమాదం వచ్చినప్పుడో మాత్రమే. పువ్వులకు వేరే గ్రూపు పెట్టుకోవచ్చు. ఎర్ర అట్టలు మళ్లీ మంచాలకు రావాలి.

"ఈ చివరిది నేను ఇవాళే చేస్తాను మేడమ్. స్టోరు తాళంచెవి ఇప్పించండి" అంది. అన్నట్టుగానే మధ్యాహ్నానికల్లా అట్టలన్నీ దుమ్ము దులిపి, తెగిన దారాలు మార్చింది. ఇంటికి వెళ్లగానే కూతురి చేత ఫోనుకు మళ్లీ నోరు తెరిపించింది.

గురువారం ఉదయం ఏడింటికి ఫోను ఒక్కసారి మోగింది. అందులో ఆవిడ ఒక్కదాని పేరే ఉంది. ‘ట్రాలీ అక్కకు: పదకొండో మంచం ఖాళీ కడుపు.’ ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని ‘చూశాను’ అని రాసింది. పదకొండో మంచానికి ఎర్ర అట్ట అప్పటికే వేలాడుతోంది.

"ఇవాళ నాకేమీ లేదా అక్కా?" అన్నాడు వడ్రంగి నవ్వుతూ.

"ఏమీ లేదు. గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వను. ఆపరేషనయ్యాక డాక్టరు గారు సరేనంటే, ఆ గుడ్డు నేనే వలిచి పెడతా" అని ట్రాలీని ముందుకు తోసింది.

ఆపరేషను జరిగింది. రెండు నెలల తర్వాత వడ్రంగి చెయ్యి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ట్రాలీ అక్క అతని కోసం వరండాలో కాచుకుని ఉంది. చూపుడువేలు పూర్తిగా వంగింది. మధ్యవేలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఉలి పట్టుకోగలుగుతున్నాడు గానీ పట్టు పాతది కాదు. ఆ మూడు రోజులు పోకపోతే మధ్యవేలు కూడా పూర్తిగా వంగేదేమో, డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ట్రాలీ అక్క ఆ వేలిని తన చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా వదిలేసింది.

ఆ వేలికి బాధ్యులెవరని అడిగితే ఒక్కరి పేరు చెప్పి ఊరుకోవడానికి లేదు. పువ్వులు పంపినవాళ్లు, కేకులు పంపినవాళ్లు, మూత పోయిందన్నావిడ, విసుగెత్తి చెవులు మూసుకున్నవాళ్లు, అందరూ ఉన్నారు. అవసరం లేకుండా అందరినీ పిలిచిన ప్రతిసారీ, అవసరానికి పలికేవాళ్లలో ఒకరిని పోగొట్టుకుంటున్నాం. మన వేళ్లు చక్కగా వంగుతున్నాయి. ‘అందరూ’ అని నొక్కబోయే ముందు వాటిని ఒక్క క్షణం ఆపుదాం.