డెన్మార్కు బోరింగు

ఏలియా కుంచెలను కిరసనాయిలులో ముంచి, వెంట్రుకకు వెంట్రుక విడిపోయేట్టు వేళ్లతో పిండుతున్నాడు. అక్షరాల అంచులు దిద్దే సన్న కుంచెలను గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశాడు. ఈ రోజు వాటితో పని లేదు. వెడల్పాటి పట్టీ కుంచె, సున్నం కుంచె, తెల్లరంగు డబ్బా, పిడికెడు సున్నపు ముద్ద సంచిలో వేసుకున్నాడు. అతని గోళ్ల చుట్టూ ఎరుపు, నీలం రంగులు ఏనాడో ఇంకిపోయాయి. ఏ సబ్బుకూ అవి లొంగవు.

"రాయనీకి పోయేటప్పుడు ఈలేసుకుంట పోయేటోనివి. ఇయ్యాల నోరు పడిపోయిందా?" అంది అతని భార్య మార్తమ్మ, టిఫిను గిన్నె అందిస్తూ.

"తుడవనీకి పోయేటోడు ఎవడన్న ఈలేస్తడానే?"

"ఎడమ చెయ్యి గుంజుతాందంటివి. దవాఖానకు పోరాదు."

"డబ్బ మోసి మోసి గుంజుతాంది. ఊకె ఫికర్ జెయ్యకు."

మట్టెవాడ సందులోంచి బయటపడి, సైకిలు తొక్కుకుంటూ సుబేదారిలోని సేవాసంఘం ఆఫీసుకు వచ్చాడు. బయటి దేశాల వాళ్లు పంపే సొమ్ముతో ఆ సంఘం ఊళ్లలో బోరింగులు వేయించేది, బడులకు గదులు కట్టించేది. ఇచ్చినవాళ్ల పేరు సిమెంటు దిమ్మె మీద రాయించి పక్కన నిలబెట్టేది. అన్ని దిమ్మెలూ ఏలియా రాసినవే. పైన ఉండే పరదేశపు అక్షరాలను కాగితం చూసి దింపేవాడు. వాటి అర్థం అతనికి తెలియదు. కింద తెలుగు మాత్రం తన సొంత దస్తూరి. అన్నిటికీ అడుగున, కుడి మూలన, చిటికెన గోరంత ఎర్రటి అక్షరాలలో "ఏలియా, మట్టెవాడ" అని రాసుకునేవాడు. రాయమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

ఇచ్చేవాళ్లంతా కలిసి చాలా కాలం కిందట ఒక కూటమి కట్టుకున్నారు. ఏడాదికొకసారి ఏదో ఒక దేశంలో కూర్చుని, ఎవరికి ఇవ్వాలి, ఎట్లా ఇవ్వాలి అని మాట్లాడుకునేవారు. ఒకసారి రెండు జీపుల్లో ఇటు కూడా వచ్చారు. ఒక ఊళ్లో ఒకే బోరింగుకు అటొక దిమ్మె, ఇటొక దిమ్మె కనిపించాయి. అటు ఒకరి పేరు, ఇటు ఇంకొకరి పేరు. ఆ ఇద్దరూ ఒకే జీపులో వచ్చినవారు. తిరిగి వెళ్లాక ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడా ఉండగూడదని తీర్మానం చేశారు. తర్వాత ఆ కూటమిలో పెద్దవాళ్లు తప్పుకున్నారు, మిగిలినవాళ్లు ఎవరి దారి వారు చూసుకున్నారు. ఈ ఏడాది కూటమినే మూసేశారు. తీర్మానం మాత్రం మిగిలింది. ఎండాకాలమంతా ఏలియా తను రాసినవాటిని తనే తుడుస్తూ వస్తున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, నెక్కొండ అవతలి ఊళ్లోది. అతను అన్నిటికంటే ముందు రాసింది అదే.

ఆఫీసులో సంఘం మేనేజరు సుందర్ రావు రైలు చార్జీ ఇచ్చి, మళ్లీ కాగితాల్లో తల పెట్టాడు. ఏలియా కదలలేదు.

"ఏంది ఏలియా?"

"సారూ, కింద నా పేరు చిన్నగ ఉంటది. అన్నిట్ల తుడిసిన. ఈ ఒక్కదాంట్ల ఉంచుత."

సుందర్ రావు కళ్లద్దాలు పైకి జరిపాడు. "అందరి పేర్లు పోయి నీదొక్కటి ఉంటె, బోరింగు నువ్వే ఏయించినవనుకుంటరు. పెండ్లి ఫొటోల పిల్లా పిలగాడు లేక బ్యాండు మేళపోడు మిగిలినట్టు" అని నవ్వాడు.

ఏలియా కూడా నవ్వాడు. సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

నెక్కొండలో దిగి నడిచాడు. రోహిణి ఎండ. బోరింగు దగ్గర రాజవ్వ బిందె తోముతోంది. దిమ్మె నిలబెట్టిన నాటి నుంచీ అతన్ని ఎరిగిన మనిషి.

"మల్ల ఏం రాస్తానవ్ అన్నా?"

"రాస్తలేను. తుడుస్తాన."

"ఎందుకు, పైసలు వాపసు అడుగుతాండ్లా?"

"లేదు. వాళ్ల పేరు వద్దన్నరట."

"వద్దంటె ఎట్ల? ఇది డెన్మార్కు, బడికాడ దిమ్మె ఇరిగిపోయినది హాలండు. డెన్మార్కు నీళ్లకు పప్పు ఉడుకుతది, హాలండు నీళ్లకు ఉడకది. రేపు మా కోడలికి ఏ నీళ్లు తెమ్మని చెప్పాలె?"

"అట్లనే పిలుసుకోండ్రి. తుడిసేది దిమ్మె మీదనే."

"అట్లయితె తుడువు. నాకేమన్న సదువొస్తదా, దాని మీద ఏమున్నదో."

ఏలియా గరుకు కాగితంతో దిమ్మెను పైపైన రుద్దాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అక్కా, నా పేరు ఎరుకేనా?"

రాజవ్వ బిందె బోర్లించి ఆలోచించింది. "పేర్లు రాసే అన్నవు గద" అంది. బిందె నింపుకొని, చంకనెత్తుకొని వెళ్లిపోయింది.

పై నుంచి కిందికి, పట్టీ తర్వాత పట్టీ, తెల్లరంగు వేసుకుంటూ వచ్చాడు. పరదేశపు అక్షరాలు పోయాయి. తన దస్తూరి పోయింది. కుడి మూల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. డబ్బాలో రంగు ఇంకా ఉంది. సున్నం కుంచె తెచ్చింది చుట్టూ ఉన్న గద్దెకు వేయడానికి. నూనెరంగు మీద సున్నం పట్టదని, తొలి వానకే జారిపోతుందని రంగుపని చేసేవాళ్లందరికీ తెలుసు. ఏలియా అటూ ఇటూ చూశాడు. బోరింగు దగ్గర ఎవరూ లేరు. సున్నం కుంచె ముంచి, ఆ మూలన మాత్రం రెండు పూతలు పూశాడు. దూరం జరిగి చూస్తే దిమ్మె అంతా ఒకటే తెలుపు.

ఎడమ చెయ్యి భుజం దాకా బరువెక్కింది. డెన్మార్కు నీళ్లు దోసిలితో తాగి, ముఖం కడుక్కొని, సంచి తీసుకున్నాడు. స్టేషను దాకా నడిచేటప్పుడు సన్నగా ఈల వేశాడు. బల్ల మీద కూర్చుని, తల గోడకు ఆనించాడు. సాయంత్రం ప్యాసింజరు వచ్చి ఆగింది, వెళ్లింది. అందరూ ఎక్కినా ఈయన ఎక్కలేదేమని పోర్టరు వచ్చి భుజం తట్టాడు. సంచి ఒళ్లోంచి జారి పడింది. మనిషి లేవలేదు.

సమాధి దగ్గర సుందర్ రావు నాలుగు మాటలు చెప్పాడు. ఏలియా ఏనాడూ పేరు కోసం చూసుకోని మనిషి అన్నాడు. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది.

మృగశిరకు వానలు పడ్డాయి. మూడో నాడు తెరిపి ఇస్తే రాజవ్వ డెన్మార్కుకు నీళ్లకు వచ్చి, గద్దె మీద కాళ్లు కడుక్కొని, బిందె నింపుకొని పోయింది. దిమ్మె నడుమంతా తెల్లగా, ఖాళీగా ఉంది. కుడి మూలన చిటికెన గోరంత ఎర్రటి అక్షరాలు తడికి మెరుస్తున్నాయి. దిమ్మె పైన అతను మరిచిపోయిన సున్నం కుంచె వానకు సున్నమంతా కారిపోయి, మళ్లీ మెత్తబడి ఉంది.