గోడవైపు తిరిగిన స్టూలు

అది జూన్ పదకొండు. పొద్దున అతడు రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాడని క్యాంటీన్ ఆమెకు ఇప్పటికీ గుర్తు. గుడ్డు ఆమే ఒలిచి ఇచ్చింది. 

శాసనసభ్యుల హాస్టల్లో అతడు లిఫ్టు నడిపేవాడు. సభ గడువు ముగిస్తే అతడి ఉద్యోగమూ ముగిసేది. కొత్త సభ రాగానే మళ్ళీ పిలిచేవారు. ఇక వయసు మించింది, వచ్చే సభకు పిలవబోమని చెప్పేశారు. ఈ సభకు ఇంకా రెండేళ్ళుందిలే అని ధీమాగా ఉన్నాడు. ఇంతలో దేశానికీ రాష్ట్రానికీ ఎన్నికలు ఒకేసారి జరగాలని సభను ఆ రోజుతో ముగించేశారు.

“ప్రభుత్వాన్ని ఎవరైనా పడగొట్టారా చెల్లెమ్మా?” అని క్యాంటీన్ ఆమెను అడిగాడు.

“లేదన్నా. రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో చేస్తే ఖర్చు కలిసొస్తుందట.”

“వాళ్ళ పిల్లకి ముహూర్తం కుదిరితే మన పిల్లాడికి తొందరేంటమ్మా? వీడికింకా మీసమే రాలేదు.”

ఆమె నవ్వింది. అతడు నిజంగానే అడిగాడు.

లిఫ్టులో అతడిదొక చెక్క స్టూలు. గెలిచి వచ్చేవాళ్ళకు ఎదురుగా తిరిగి నమస్కారం పెట్టేవాడు. ఓడినవాళ్ళు సామాన్లతో ఎక్కితే స్టూలు గోడవైపు తిప్పుకునేవాడు. నాలుగంతస్తులు దిగేలోగా మనిషి కళ్ళు తుడుచుకోవచ్చు. భార్య పోయిన రోజు ఆసుపత్రి లిఫ్టులో ఎవరో అతడి కోసం అలాగే అటు తిరిగి నిలబడ్డారు.

ఆ రోజు పెట్టెలతో దిగుతున్నవాళ్ళు ఓడనూ లేదు, గెలవనూ లేదు. ఎటు తిరగాలో అతడికి తోచలేదు. ఎదురుగా కూర్చున్నాడు, పక్కకు జరిగాడు, లేచి నిలబడ్డాడు. రెండు నొక్కమంటే మూడు నొక్కాడు.

“ఏమయ్యా, నువ్వు కూడా పార్టీ మారుతున్నావా? ఒకచోట కుదురుగా ఉండవు!” అన్నాడొక సభ్యుడు.

సాయంత్రానికి నాలుగో అంతస్తు సభ్యురాలొక్కతే మిగిలింది. ఒకప్పుడు ఓడిపోయి ఇదే లిఫ్టులో దిగిన మనిషి. అతడు మేడమీద తానుండే గది ఖాళీ చేసి, సంచీతో వచ్చేసరికి ఆమె లిఫ్టులో ఉంది.

“కిందికేగా పెద్దాయనా?” అంటూ తానే మీట నొక్కింది. స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చుంది. లిఫ్టు ఆగేదాకా ఇటు తిరగలేదు.

కింద అతడు సంచీ భుజాన వేసుకుని ఆగాడు. “ఇంతకీ ఓడిందెవరమ్మా?”

  అతడు నమస్కారం పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక క్యాంటీన్ ఆమె లిఫ్టు జాలీ తలుపు చప్పుడు కాకుండా మూసింది. లోపల స్టూలు ఇంకా గోడవైపే తిరిగి ఉంది.