అవతలింటి కరెంటు

పొద్దు వాలుతోందంటే ఆ వీధిలో ఒకటే హడావిడి. దీపాలు పెట్టే వేళకు కరెంటు రేటు రెట్టింపవుతుంది. అందుకని ఆలోపే ఉతుకుళ్ళు, ఇస్త్రీలు, నీళ్ళ మోటారు అన్నీ కానిచ్చేసి, ఆపైన పగలంతా ఎండతో నిండిన బ్యాటరీ మీదే ఇల్లు నడుపుకుంటారు. బ్యాటరీ అన్నాక ఎండనొక్కదాన్నే దాచుకోదు కదా! నిండేటప్పుడు ఇంట్లో విన్న మాటల్ని కూడా దాచుకుని, దీపం వెలిగాక ఒక్కొక్కటే వదులుతుంది. అందుకే ఆ వీధిలో చాడీలన్నీ పొద్దుగూకాకే చెప్పుకుంటారు.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పెద్దకోడలికి మాత్రం ఆ వేళంటే ఒళ్ళుమంట. గోడకవతల చిన్నకోడలి ఇంట్లో దీపం వెలగడమే ఆలస్యం, పిల్లల కేరింతలు, మరిది వేళాకోళాలు, పగలబడి నవ్వులు. తనింట్లోనో? కరెంటు మిషన్ టకటకలు, మధ్యమధ్య తన సణుగుడు.

ఒకరోజు సరిగ్గా మామగారు భోజనానికి కూర్చున్నప్పుడు, "దానికేం, మహారాణి! కూర్చుని నవ్వడమే పని" అంటూ బ్యాటరీ ఆవిడ గొంతుతోనే మొదలెట్టింది.

"ఈ ముక్క నిన్న కూడా విన్నానమ్మా," అన్నాడాయన, ముద్ద కలుపుకుంటూ.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే మేడెక్కి సోలార్ పలకల మీద దుప్పటి కప్పేసింది. నిండకపోతే వాగదు కదా అనుకుంది గానీ, నిండకపోతే వెలగదని ఆ ఉక్రోషంలో తట్టలేదు. సాయంత్రం ఇల్లంతా చీకటి. తెల్లారేసరికి యూనిఫారాలు ఇవ్వకపోతే బడివాళ్ళు ఇంకో దర్జీని చూసుకుంటారు. గుట్ట చూస్తే ఒక్క మనిషి వల్ల తెమిలేలా లేదు. చేసేది లేక లైను కరెంటు స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"ఆగక్కా! ఆ రేటుకి కుడితే నీకేం మిగులుతుంది? మాది నిండుగా ఉంది, ఈ వైరు అందుకో," అంది చిన్నకోడలు గోడ మీదుగా.

దాని దగ్గర చెయ్యి చాచడమంటే ప్రాణం పోయినట్టుంది. అయినా అందుకుంది. దీపం వెలగ్గానే అవే నవ్వులు తన గదిలోనే మొదలయ్యాయి. పళ్ళు నూరుకుంటూ మిషన్ తొక్కింది.

నవ్వులన్నీ అయిపోయాక, ఇన్నాళ్ళూ గోడ దాటని సన్నటి గొంతు ఒకటి వినిపించింది.

"అక్కకేం, చేతిలో పనుంది. ఆ మిషన్ చప్పుడు వింటుంటే నాకు కుళ్ళొచ్చేస్తుంది. నేర్పమని అడిగితే నవ్వుతుందేమో."

పెద్దకోడలి కాలు ఆగిపోయింది. తనని చూసి కూడా కుళ్ళుకునే మనిషుందని తెలిసి ముందు కడుపు చల్లబడింది. ఆ తర్వాతే సిగ్గేసింది. గోడ దగ్గర చిన్నకోడలు తల దించుకుని నిలబడి ఉంది.

"నవ్వనులే. లోపలికి రా, ముందు బొత్తాలు కుట్టు," అంది పెద్దకోడలు.

యూనిఫారాలు వేళకే బడికి చేరాయి. మూల మూతేసి ఉన్న పాత మిషన్ గోడ దాటింది.

ఆ సాయంత్రం అవతలింట్లో దీపం వెలగ్గానే, అన్నిటికంటే ముందు ఆగి ఆగి నడిచిన మిషన్ చప్పుడు వినిపించింది. పెద్దకోడలు చెవి ఒగ్గి వింది.

"దారం బిగువెక్కువైంది, వదులు చెయ్యవే!" అని గోడ మీదుగా కేకేసింది.